కంప్యూటర్ ప్రశ్నలు – జవాబులు: విండోస్ ఏ డ్రైవులో వేయాలి?

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14తో మద్దతు ఆపేసిన తర్వాత, పాత సిస్టమ్‌కు కొత్త ఎస్‌ఎస్‌డీ (హార్డ్‌డిస్కు కంటే వేగంగా పనిచేసే డ్రైవు) బిగించి విండోస్ 11 వేసుకోవాలనుకుంటున్న పాఠకుల ఉత్తరాలు బాగా పెరిగాయి. వాటిలో ఎక్కువ మంది ఒకే చోట ఆగిపోయారు. ఇన్‌స్టలేషన్ మధ్యలో డ్రైవును ఎంచుకోమని అడిగే స్క్రీన్ అది. అక్కడ ఒక వరుసకు బదులు మరో వరుస నొక్కితే ఏళ్ల తరబడి దాచుకున్న ఫైళ్లు నిమిషంలో పోతాయి. అందుకే ఈసారి శీర్షిక మొత్తాన్ని ఆ ఒక్క విషయానికే కేటాయిస్తున్నాం.

ప్రశ్న: మాది విజయవాడలో చిన్న డీటీపీ సెంటర్. మా డెస్క్‌టాప్‌లో 1 టీబీ హార్డ్‌డిస్క్ ఉంది, అందులో సీ, డీ అని రెండు భాగాలున్నాయి. ఇన్నేళ్లుగా కంపోజ్ చేసిన పుస్తకాల పేజ్‌మేకర్ ఫైళ్లన్నీ డీలోనే ఉన్నాయి. ఇప్పుడు కొత్తగా 500 జీబీ ఎస్‌ఎస్‌డీ పెట్టించి, అందులో విండోస్ 11 వేద్దామని మొదలుపెట్టాను. కానీ డ్రైవును ఎంచుకోమన్న చోట సీ అని గానీ, డీ అని గానీ కనిపించలేదు. ‘డ్రైవ్ 0 పార్టిషన్ 1’, ‘డ్రైవ్ 0 పార్టిషన్ 2’ అంటూ చాలా వరుసలు వచ్చాయి. భయపడి అక్కడితో ఆపేశాను. నేను దేన్ని ఎంచుకోవాలి? – ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: ఆపేసి చాలా మంచి పని చేశారు. ఆ స్క్రీన్ దగ్గర ఏ బటనూ నొక్కకుండా వెనక్కి వచ్చేస్తే డిస్కులో ఏమీ మారదు కాబట్టి మీ ఫైళ్లు ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి.

సీ, డీ అనే అక్షరాలు అక్కడ ఎందుకు కనిపించవో ముందు తెలుసుకుంటే మిగతాది తేలికవుతుంది. ఏ భాగానికి ఏ అక్షరం అన్నది నడుస్తున్న విండోస్ రిజిస్ట్రీ అనే తన సెట్టింగుల పట్టికలో రాసుకుని, దాని ప్రకారం మనకు చూపిస్తుంది. పెన్‌డ్రైవ్ నుంచి సెటప్ మొదలైనప్పుడు మీ పాత విండోస్ నడవడం లేదు కనుక, అది రాసుకున్న లెక్కా అక్కడ ఉండదు. సెటప్‌లో షిఫ్ట్, ఎఫ్10 కలిపి నొక్కి కమాండ్ ప్రాంప్ట్ తెరిస్తే అక్షరాలు కనిపిస్తాయి గానీ అవి తాత్కాలికంగా ఇచ్చినవి. మీ డీ అక్కడ సీగా కనిపించినా ఆశ్చర్యం లేదు. అందువల్ల ఆ అక్షరాలను చూసి నిర్ణయం తీసుకోకూడదు.

0, 1 అనే సంఖ్యలనూ నమ్మలేం. మదర్‌బోర్డు ఏ డిస్కును ముందు చూపిస్తే దానికి సాధారణంగా 0 పడుతుంది. సాటా కేబుల్‌తో ఉన్న పాత హార్డ్‌డిస్కుకు 0, ఎం.2 స్లాటులో పెట్టిన కొత్త ఎస్‌ఎస్‌డీకి 1 పడటం తరచుగా చూస్తుంటాం. సెటప్ ఉన్న పెన్‌డ్రైవ్ కూడా అదే జాబితాలో ఒక సంఖ్యను తీసుకోవచ్చు. విండోస్ ఎప్పుడూ మొదటి డ్రైవులోనే ఉంటుందన్న అలవాటుతో పై వరుసను నొక్కేవాళ్లే ఎక్కువగా నష్టపోతున్నారు.

మనం నమ్మదగినది సైజు. మీ 500 జీబీ ఎస్‌ఎస్‌డీ అక్కడ సుమారు 465.8 జీబీగా కనిపిస్తుంది. మీ హార్డ్‌డిస్కులోని భాగాలన్నీ కలిపితే సుమారు 931.5 జీబీ అవుతాయి. తయారీ కంపెనీలు ఒక జీబీని 100 కోట్ల బైట్లుగా లెక్కిస్తే, విండోస్ 107,37,41,824 బైట్లుగా లెక్కిస్తుంది కాబట్టి అట్టపెట్టె మీది అంకెకూ, స్క్రీన్ మీది అంకెకూ ఈ తేడా వస్తుంది. కొత్త ఎస్‌ఎస్‌డీలో ఇంకా భాగాలేవీ చేయలేదు కనుక దానికి ‘అన్‌అలొకేటెడ్ స్పేస్’ అనే ఒకే ఒక్క వరుస ఉండాలి. 465 జీబీకి దగ్గరగా ఉన్న ఆ వరుసే మీరు ఎంచుకోవలసినది. దాన్ని ఎంచుకుని నెక్స్ట్ నొక్కితే చాలు, కావలసిన చిన్న భాగాలను కూడా సెటప్పే చేసుకుంటుంది. న్యూ, ఫార్మాట్, డిలీట్ బటన్లలో దేని అవసరమూ మీకు లేదు.

మళ్లీ మొదలుపెట్టే ముందు పాత విండోస్‌లోనే ఒక పని చేయండి. విండోస్‌లోనే ఉండే డిస్క్ మేనేజ్‌మెంట్ అనే సాధనాన్ని తెరిచి, ప్రతి భాగం మొత్తం సైజునూ, అందులో మిగిలిన ఖాళీనీ ఒక కాగితం మీద రాసుకోండి. తర్వాత దిస్ పీసీలో డీ మీద రైట్‌క్లిక్ చేసి రీనేమ్ ద్వారా దానికి ‘బుక్స్’ వంటి పేరు పెట్టండి. అక్షరంలా కాకుండా ఈ పేరు డిస్కు మీదే రాసి ఉంటుంది కనుక, చాలావరకు సెటప్ జాబితాలో కూడా ఆ వరుస పక్కన కనిపిస్తుంది.

ఇంతకంటే మేలైన పద్ధతి ఒకటుంది, డెస్క్‌టాప్ ఉన్న ప్రతి ఒక్కరికీ నేను దాన్నే గట్టిగా సూచిస్తాను. కంప్యూటర్ ఆపి, ప్లగ్ తీసి, పాత హార్డ్‌డిస్కుకు వెళ్లే సాటా కేబుల్‌ను ఊడదీయండి. అప్పుడు జాబితాలో ఎస్‌ఎస్‌డీ, పెన్‌డ్రైవ్ తప్ప మరేదీ ఉండదు. పొరపాటు పడటానికి అవకాశమే లేకపోవడం ఇందులో మొదటి లాభం. రెండో లాభం చాలామందికి తెలియదు. కంప్యూటర్ ఆన్ కాగానే మొదట చదవవలసిన బూట్ ఫైళ్లు విండోస్ ఉన్న భాగంలో కాకుండా, ఈఎఫ్ఐ సిస్టమ్ పార్టిషన్ అనే వేరే చిన్న భాగంలో ఉంటాయి. ఇది సాధారణంగా 100 ఎంబీ ఉంటుంది. పాత హార్డ్‌డిస్కులో అలాంటి భాగం ముందే ఉంటే, సెటప్ కొత్తది చేయకుండా బూట్ ఫైళ్లను అందులోనే పెట్టేయవచ్చు. అంటే మీరు ఎస్‌ఎస్‌డీనే ఎంచుకున్నా, కంప్యూటర్ ఆన్ కావడం మాత్రం పాత హార్డ్‌డిస్కు మీద ఆధారపడి ఉంటుంది. ఏడాది తర్వాత అది పాడైనా, మీరే తీసేసినా, కొత్త ఎస్‌ఎస్‌డీలో విండోస్ చెక్కుచెదరకుండా ఉండి కూడా కంప్యూటర్ మొదలవదు. కేబుల్ తీసి ఇన్‌స్టాల్ చేస్తే అన్నీ ఎస్‌ఎస్‌డీలోనే కుదురుకుంటాయి.

విండోస్ వేయడం పూర్తయి, ఒకసారి సక్రమంగా ఆన్ అయ్యాక, మళ్లీ ఆపి కేబుల్ పెట్టండి. అప్పుడు కంప్యూటర్ పాత విండోస్‌లోకి వెళితే, బయోస్ (మదర్‌బోర్డు సెట్టింగులు) లోని బూట్ ఆర్డర్‌లో ఎస్‌ఎస్‌డీ పేరున్న విండోస్ బూట్ మేనేజర్‌ను పైకి తీసుకురండి. మీ డీకి ఈసారి ఈ అనో, ఎఫ్ అనో అక్షరం రావచ్చు. దాన్ని అలా వదిలేయకండి. పేజ్‌మేకర్ ఫైలులో పెట్టిన బొమ్మలు ఎక్కడున్నాయో ఆ ఫైలు చిరునామాతో సహా గుర్తుపెట్టుకుంటుంది కనుక, అక్షరం మారితే బొమ్మల లింకులు తెగిపోయి ప్రతి పుస్తకంలోనూ మళ్లీ చూపించుకోవలసి వస్తుంది. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఆ భాగానికి తిరిగి డీ అక్షరమే ఇవ్వండి. తెలుగు కంపోజింగ్‌కు వాడే ‘అను’ ఫాంట్లు, కీబోర్డు సాఫ్ట్‌వేరు పాత సీలోని విండోస్‌కు చెందినవి కాబట్టి కొత్తదాంట్లో మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకోవాలి. అవన్నీ పనిచేసి, ఒకటి రెండు పుస్తకాలు సరిగ్గా తెరుచుకుని, ప్రింటు కూడా వచ్చేదాకా పాత సీని చెరపకండి. వీటన్నిటికంటే ముందు, డీని ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్కులోకి కాపీ చేసి బీరువాలో పెట్టండి. అన్నేళ్ల పనికి ఒకే ఒక్క కాపీ ఉండటం, విండోస్ మార్చినా మార్చకపోయినా, మంచిది కాదు.

ప్రశ్న: నేను డిగ్రీ చదువుతున్నాను. నా ల్యాప్‌టాప్‌లో 512 జీబీ ఎస్‌ఎస్‌డీ ఒక్కటే ఉంది. కొన్నప్పుడు షాపు వాళ్లే దాన్ని సీ, డీగా చేసి ఇచ్చారు. సీ 100 జీబీ మాత్రమే, అది నిండిపోయింది. ఫార్మాట్ చేసి మళ్లీ విండోస్ వేస్తే డీలోని నోట్సు, ప్రాజెక్టు ఫైళ్లు అలాగే ఉంటాయా? – ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: ఉంటాయి. సుమారు 100 జీబీ చూపించే వరుసను ఒక్కదాన్నే ఎంచుకుని ఫార్మాట్ చేస్తే, సెటప్ డీ జోలికి వెళ్లదు. కానీ మీరు డీలో ఉన్నాయనుకుంటున్నవన్నీ నిజంగా డీలోనే ఉన్నాయా అన్నది ముందు చూసుకోండి. డెస్క్‌టాప్ మీద పెట్టిన ఫోల్డర్లు, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్, పిక్చర్స్ అన్నీ ప్రత్యేకంగా మార్చుకోకపోతే సీలోని యూజర్స్ ఫోల్డరులో ఉంటాయి. వాట్సాప్‌లో స్నేహితులు పంపగా దించుకున్న నోట్సు సాధారణంగా డౌన్‌లోడ్స్‌లోనే పడి ఉంటుంది. ఫార్మాట్ తర్వాత విద్యార్థులు ఎక్కువగా బాధపడేది వీటి గురించే.

మరొక ముఖ్యమైన జాగ్రత్త ఉంది. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయిన ల్యాప్‌టాప్‌లలో డివైస్ ఎన్‌క్రిప్షన్ మీకు తెలియకుండానే ఆన్ అయి ఉండవచ్చు. 2024లో వచ్చిన విండోస్ 11 24హెచ్2 వెర్షన్ నుంచి ఇది మరిన్ని కంప్యూటర్లలో మొదటి నుంచే ఆన్ అవుతోంది. అదే జరిగి ఉంటే డీ కూడా తాళం వేసినట్టే ఉంటుంది. ఇప్పుడు దాన్ని విండోస్ మీకు కనపడకుండా తెరిచి ఇస్తోంది. సీని ఫార్మాట్ చేశాక కొత్త విండోస్‌కు ఆ తాళంచెవి తెలియదు కనుక, డీని తెరవబోతే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ముందే సెట్టింగ్స్‌లో ఎన్‌క్రిప్షన్ ఉందేమో చూడండి. ఉంటే, మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉన్న ఆ కీని కాగితం మీద రాసి పెట్టుకోండి, లేదా ఎన్‌క్రిప్షన్‌ను పూర్తిగా తీసేసి ఆ తర్వాతే మొదలుపెట్టండి.

సీని ఫార్మాట్ చేయకుండా నేరుగా ఎంచుకుని నెక్స్ట్ నొక్కితే, పాత విండోస్, మీ పాత యూజర్ ఫోల్డర్లు విండోస్.ఓల్డ్ అనే ఫోల్డరులోకి వెళతాయి. మరిచిపోయిన ఫైలును అందులోంచి తెచ్చుకోవచ్చు. కానీ మీ సీ ఇప్పటికే నిండి ఉంది కాబట్టి మీకు ఆ దారి కుదరదు. జాబితాలో ఉండే చిన్న చిన్న వరుసల్లో రికవరీ అని రాసి ఉన్నది చాలాసార్లు ల్యాప్‌టాప్ కంపెనీ పెట్టినది. చోటు కలిసివస్తుందని దాన్ని తీసేయకండి, కలిసొచ్చేది కొంచెమే. డిలీట్ బటన్ విషయంలో ఇంకో మాట: హార్డ్‌డిస్కులో పొరపాటున చెరిపిన భాగాన్ని రికవరీ సాఫ్ట్‌వేరుతో తిరిగి తెచ్చుకునే ఆశ కొంత ఉంటుంది. ఎస్‌ఎస్‌డీలో చెరిపిన చోటును త్వరగా ఖాళీ చేసేసే ట్రిమ్ అనే ఏర్పాటు వల్ల ఆ ఆశ దాదాపు ఉండదు.

మళ్లీ 100 జీబీ సీలోనే విండోస్ వేస్తే కొన్నాళ్లకు ఇదే ఇబ్బంది తిరిగి వస్తుంది. విండోస్ 11కు కనీసం 64 జీబీ ఉండాలని మైక్రోసాఫ్టే చెబుతోంది, అప్‌డేట్లు, సాఫ్ట్‌వేర్లు దాని మీద అదనం. ముఖ్యమైనవన్నీ ముందు బయటి డిస్కులోకి తీసుకోగలిగితే, రెండు భాగాలనూ కలిపి ఒకటే చేసుకోవడమే మీకు మేలని నా అభిప్రాయం. ఒకే ఎస్‌ఎస్‌డీలో ఉన్న సీ, డీ ఒకదానికి మరొకటి రక్షణ ఇవ్వవు. ఆ ఎస్‌ఎస్‌డీ పాడైతే రెండూ ఒకేసారి పోతాయి.

ప్రశ్న: ల్యాప్‌టాప్‌లో చోటు తక్కువగా ఉంది. యూఎస్‌బీ ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్కులో విండోస్ వేసుకోవచ్చా? – ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: మామూలు సెటప్ ఒప్పుకోదు. యూఎస్‌బీ ద్వారా కలిపిన డిస్కును ఎంచుకుంటే, దాంట్లో ఇన్‌స్టాల్ చేయడం కుదరదని చెప్పి ఆగిపోతుంది. మీ ఫొటోలు, వీడియోలను ఆ డిస్కులోకి మార్చి, లోపలి డ్రైవులో విండోస్‌కు చోటు చేయండి.

ప్రశ్న: మాకు మెడికల్ షాపు ఉంది. బిల్లింగ్ కంప్యూటర్‌లో సీ, డీ, ఈ అని మూడు భాగాలున్నాయి. కొత్త విండోస్ వేయబోతే, ఎంచుకున్న డిస్కులో ఎంబీఆర్ పార్టిషన్ టేబుల్ ఉంది, ఈఎఫ్ఐ సిస్టమ్‌లలో జీపీటీ డిస్కులోనే విండోస్ వేయగలం అన్న అర్థంతో ఎర్రర్ వచ్చింది. అన్ని పార్టిషన్లూ డిలీట్ చేస్తే పోతుందని తెలిసినవాళ్లు చెబుతున్నారు. చేయమంటారా? – ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: వారు చెప్పినట్టు చేస్తే ఎర్రర్ పోయే మాట నిజమే. దాంతోపాటు మీ బిల్లులు, స్టాకు లెక్కలు అన్నీ పోతాయి. కాబట్టి ఇప్పుడే వద్దు.

డిస్కులో ఏ భాగం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చెప్పే పట్టిక ఒకటి డిస్కు మొదట్లోనే ఉంటుంది. ఎంబీఆర్ అన్నది 1983లో పీసీ డాస్ 2.0తో వచ్చిన పాత పద్ధతి పట్టిక. అందులో నాలుగు ప్రధాన భాగాలకే చోటుంటుంది, సాధారణ డిస్కుల్లో 2 టీబీకి మించి లెక్క చూపలేదు. జీపీటీ దాని స్థానంలో వచ్చిన కొత్త పట్టిక. విండోస్‌లో అది 128 భాగాల వరకు ఇస్తుంది. కంప్యూటర్ యూఈఎఫ్ఐ (పాత బయోస్ స్థానంలో వచ్చినది) పద్ధతిలో మొదలైతే సెటప్ జీపీటీనే కోరుతుంది. విండోస్ 11 యూఈఎఫ్ఐ కావాలంటుంది కనుక, పాత లెగసీ పద్ధతిలో పెన్‌డ్రైవును మొదలుపెట్టి ఈ ఎర్రర్‌ను తప్పించుకోవడం సరైన దారి కాదు.

ఫైళ్లు పోకుండా ఎంబీఆర్‌ను జీపీటీగా మార్చే సాధనం విండోస్‌లోనే ఉంది. ఎంబీఆర్2జీపీటీ అనే ఈ కమాండ్ 2017లో విండోస్ 10 వెర్షన్ 1703తో వచ్చింది. ముందుగా వాలిడేట్ అనే పదం జోడించి నడిపితే, ఏమీ మార్చకుండా, మార్పు సాధ్యమో కాదో మాత్రమే చెబుతుంది. అయితే డిస్కులో మూడుకు మించి ప్రైమరీ భాగాలు ఉండకూడదని, ఎక్స్‌టెండెడ్ భాగం గానీ, దాని లోపల చేసే లాజికల్ భాగాలు గానీ అసలే ఉండకూడదని దీనికి షరతు ఉంది. కంప్యూటర్ షాపుల్లో ఏళ్ల క్రితం సీ, డీ, ఈ చేసి ఇచ్చిన చాలా సిస్టమ్‌లలో డీ, ఈ రెండూ లాజికల్ భాగాలే. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో అవి ఆకుపచ్చ గీత లోపల కనిపిస్తే మీదీ అంతే అనుకోండి. అప్పుడు ఈ సాధనం పనిచేయదు.

అలాగైతే మీకు మిగిలిన దారి, డీ, ఈలను మొత్తంగా, సీలోంచి బిల్లింగ్ సాఫ్ట్‌వేరు డేటా ఫోల్డరును విడిగా, ఎక్స్‌టర్నల్ డిస్కులోకి కాపీ చేసుకోవడం. డేటా ఏ ఫోల్డరులో ఉందో సాఫ్ట్‌వేరు ఇచ్చినవారిని అడిగి, వారు ఇచ్చిన బ్యాకప్ పద్ధతిలోనే తీయించండి. ఆ బ్యాకప్ మరో కంప్యూటర్‌లో తెరుచుకుంటోందని కళ్లారా చూసుకున్న తర్వాతే పార్టిషన్లు డిలీట్ చేయండి. డిలీట్ చేసేటప్పుడు ఆ ఎక్స్‌టర్నల్ డిస్కు కంప్యూటర్‌కు తగిలించి ఉండకూడదు. డిస్క్‌పార్ట్ అనే కమాండ్ ప్రాంప్ట్ సాధనంలో క్లీన్ అనే కమాండ్ కొట్టమని ఎవరైనా సలహా ఇస్తే మరింత జాగ్రత్త. అది ఎంచుకున్న డిస్కు పట్టికను ఖాయమేనా అని అడగకుండానే తుడిచేస్తుంది. సెటప్‌లోని డిలీట్ బటన్ కనీసం ఒకసారి హెచ్చరిస్తుంది.

ప్రశ్న: కొత్త ల్యాప్‌టాప్‌లో మళ్లీ విండోస్ వేద్దామంటే జాబితాలో ఒక్క డ్రైవ్ కూడా కనిపించడం లేదు. ఎస్‌ఎస్‌డీ పాడైనట్టేనా? పాత విండోస్ మాత్రం బాగానే ఆన్ అవుతోంది. – ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: విండోస్ ఆన్ అవుతోందంటే ఎస్‌ఎస్‌డీ పాడవలేదు. ఇంటెల్ 11వ తరం నుంచి వచ్చిన చాలా ల్యాప్‌టాప్‌లలో ఎస్‌ఎస్‌డీ వీఎండీ అనే కంట్రోలరు వెనక ఉంటుంది. దాని డ్రైవరు (దాన్ని నడిపే సాఫ్ట్‌వేరు) సెటప్ పెన్‌డ్రైవులో లేకపోతే ఎస్‌ఎస్‌డీ కనిపించదు. మీ మోడల్‌కు ల్యాప్‌టాప్ కంపెనీ సైటులో ఉన్న ఇంటెల్ రాపిడ్ స్టోరేజ్ డ్రైవరును దించుకుని, జిప్ విప్పి, పెన్‌డ్రైవులో పెట్టి, ఆ స్క్రీన్ మీదే ఉన్న లోడ్ డ్రైవర్ బటన్ ద్వారా చూపించండి. బయోస్‌లో వీఎండీని ఆపేసినా ఎస్‌ఎస్‌డీ కనిపిస్తుంది గానీ, అలా ఆపితే ఇప్పుడున్న విండోస్ ఆన్ కాకపోవచ్చు. ఫైళ్లు కాపీ చేసుకోకముందు దాన్ని కదపవద్దు.

ప్రశ్న: నేను ఉపాధ్యాయుడిని. ఇంట్లో విండోస్ ఉన్న ల్యాప్‌టాప్‌లో దానితో పాటు ఉబుంటు కూడా వేసుకుని నేర్చుకోవాలని ఉంది. అందులో డ్రైవుల పేర్లు వేరుగా ఉంటాయని విన్నాను. విండోస్ పోకుండా ఎలా ఎంచుకోవాలి? – ఒక పాఠకుడు, శ్రీకాకుళం

జవాబు: ఉబుంటు లినక్స్ కుటుంబానికి చెందినది, లినక్స్‌లో సీ, డీ అక్షరాలు ఉండవు. సాటా డిస్కులు, పెన్‌డ్రైవులు ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అనే వరుసలో వస్తాయి. ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ అయితే ఎన్‌వీఎంఈ0ఎన్1 అని, అందులోని భాగాలు చివర పీ1, పీ2, పీ3 చేర్చిన పేర్లతో కనిపిస్తాయి. మీ ల్యాప్‌టాప్‌లో ఉన్నది ఎన్‌వీఎంఈ అయితే ఎస్‌డీఏ అని కనిపించేది చాలావరకు మీ పెన్‌డ్రైవే. ఉబుంటును ఇన్‌స్టాల్ చేయకుండా ముందు ట్రై చేసి, టెర్మినల్‌లో ఎల్ఎస్‌బీఎల్‌కే అని కొట్టి చూస్తే పేర్లు, సైజులు అన్నీ ఒక్కచోట కనిపిస్తాయి.

చోటును మాత్రం విండోస్‌లోంచే చేయండి. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో సీని ష్రింక్ చేసి 50 జీబీ వరకు ఖాళీగా వదిలేయండి, దానికి అక్షరం ఇవ్వడం గానీ, ఫార్మాట్ చేయడం గానీ వద్దు. విండోస్ పవర్ ఆప్షన్స్‌లో ఫాస్ట్ స్టార్టప్‌ను ఆపేయండి, లేకపోతే లినక్స్‌లోంచి విండోస్ భాగంలో ఫైళ్లు రాయడం కుదరకపోవచ్చు. డివైస్ ఎన్‌క్రిప్షన్ ఉంటే పైన వరంగల్ పాఠకురాలికి చెప్పినదే మీకూ వర్తిస్తుంది.

ఉబుంటు ఇన్‌స్టలర్ ఒక చోట డిస్కు మొత్తాన్ని చెరిపి ఇన్‌స్టాల్ చేయమంటారా అని అడుగుతుంది. అది ఆ డిస్కులోని విండోస్‌ను కూడా తీసేస్తుంది కనుక దాన్ని ఎంచుకోకండి. విండోస్ పక్కన వేయమనే అవకాశం కనిపిస్తే మీకు అదే సరిపోతుంది. చేత్తో చేసుకునే పద్ధతిలోకి వెళితే, మీరు వదిలిన ఖాళీ చోటులో ఎక్స్‌టీ4 రకం భాగం ఒకటి చేసి, దానికి మౌంట్ పాయింటుగా ఒక స్లాష్ గుర్తు ఇవ్వండి. ఫ్యాట్32గా కనిపించే చిన్న ఈఎఫ్ఐ భాగాన్ని ఎంచుకోవచ్చు గానీ దాన్ని ఫార్మాట్ చేయడానికి మాత్రం టిక్ పెట్టకండి, విండోస్ బూట్ ఫైళ్లు ఉండేది అందులోనే. మీ బడి కంప్యూటర్లలో కేంద్ర ప్రభుత్వ సంస్థ సీ-డాక్ తయారు చేసిన బాస్ లినక్స్ వేయాలనుకున్నా, అది కూడా ఉబుంటులాగే డెబియన్ అనే లినక్స్ మీద ఆధారపడినదే కనుక డిస్కుల పేర్లు ఇలాగే ఉంటాయి. చివరగా, ఇన్‌స్టాల్ బటన్ నొక్కే ముందు ఏయే భాగాలను మార్చబోతోందో ఇన్‌స్టలర్ ఒక జాబితా చూపిస్తుంది. అందులో మీరు కొత్తగా చేసిన భాగం తప్ప మరే భాగమైనా ఫార్మాట్ అవుతున్నట్టు కనిపిస్తే, వెనక్కి వెళ్లి మళ్లీ చూసుకోండి.